బొమ్మలో లేనివాళ్ళు

మా నగరపాలక సంస్థలో వారసత్వ కట్టడాల విభాగం అని ఒకటి ఉంది. ఉన్నట్టు మా ఆఫీసులోనే చాలామందికి తెలియదు. రెండో అంతస్తులో, నీటిపన్ను వాళ్ళ బీరువాల వెనక ఒక గది. అందులో ప్రత్యేకాధికారి వామనమూర్తి గారు, సర్వేయరు త్రినాథ్, టైపు చేయడానికి నేను. ఊళ్ళో నలభై మూడు పాత కట్టడాలు మా సంరక్షణలో ఉండేవి. ఆ సంగతి కట్టడాలకూ తెలియదు. ఏటా మార్చిలో "కట్టడములన్నియు యథాస్థితిలో నున్నవి" అని పైకి ఒక నివేదిక పంపేవాళ్ళం. కిందటేడు వానలకు పాత దీపస్తంభం కూలినప్పుడు కూడా అదే పంపాం. కూలిన స్తంభం కూలిన స్థితిలోనే ఉంది కాబట్టి అందులో అబద్ధమేమీ లేదు.

ఈ ప్రశాంతత చెడింది దమయంతి టీచరు గారి వల్ల. ఆవిడ మునిసిపల్ బాలికల హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. నాకూ చెప్పారు. నేను గీసిన మామిడిపండు చూసి, బంగాళాదుంప బాగా కుదిరిందని మెచ్చుకున్నారు. రిటైరైన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం సంచీలో కాగితాలు, పెన్సిళ్ళు వేసుకుని, ఊళ్ళో ఎవరూ పట్టించుకోని పాత భవనాల ముందు కూర్చుని బొమ్మలు గీసేవారు. ఎందుకండీ అని అడిగితే, పడిపోయేలోగా ఒకసారి తీరిగ్గా చూద్దామని అనేవారు.

అలా పోగైన బొమ్మల్ని కిందటి కార్తీకంలో గ్రంథాలయం హాల్లో గోడలకు తగిలించారు. కొత్తగా వచ్చిన కమిషనర్ గారు రిబ్బను కత్తిరించడానికి వెళ్ళారు. అన్నిటికన్నా పెద్దది సుంకాల కచ్చేరి బొమ్మ. ఓడలు వచ్చే రోజుల్లో వలందు దొరలు, అంటే డచ్చివాళ్ళు, కాలవ ఒడ్డున కట్టిన భవనం అది. పొడుగాటి వసారా, వసారాకు కమానులు, పైన చూరు అంచున మొలిచిన రావి మొక్క, మెట్ల మీద నిలబడ్డ ఒక మేక. కమిషనర్ గారు దాని ముందు చాలాసేపు నిలబడి, చాలా బాగుంది, ఇది ఏ దేశంలో ఉంది అని అడిగారు. మీ ఆఫీసు కిటికీ తెరిస్తే కనిపిస్తుందని టీచరు గారు చెప్పారు. కమిషనర్ గారి ఆఫీసు కిటికీకి అడ్డంగా ఏసీ ఉంది. ఆ విషయం ఆయన అక్కడ చెప్పలేదు. వారసత్వాన్ని కాపాడటంలో తన హయాంలో ఒక కొత్త అధ్యాయం మొదలవుతుందని మాత్రం ప్రసంగించారు. మర్నాడు పేపర్లో వచ్చింది.

అధ్యాయం మొదలవుతుందని అన్నాక ఎవరో ఒకరు మొదలుపెట్టాలి. ఆ బాధ్యత వామనమూర్తి గారి మీద పడింది. ఆయన మూడు రోజులు మమ్మల్ని బయట కూర్చోబెట్టి, గది తలుపులు వేసుకుని ఆలోచించారు. నాలుగో రోజు నన్ను పిలిచి, ఒక సత్యం బోధపడినట్టు నెమ్మదిగా చెప్పారు. కట్టడాలు చెడిపోతాయి. బొమ్మలు చెడిపోవు. కట్టడాన్ని జనం పాడుచేస్తారు. బొమ్మకు అద్దం వేసి గోడకు కొడితే ఎవరూ పాడుచేయలేరు. అంచేత మనం ఇన్నాళ్ళూ కాపాడవలసినదాన్ని వదిలేసి వేరేదాన్ని కాపాడుతున్నాం.

ఆ రోజు నేను టైపు చేసిన ఉత్తర్వు ఇది: "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ప్రతి వారసత్వ కట్టడమునకు ఆమోదిత బొమ్మ ఒకటి యుండవలెను. కట్టడమును బొమ్మలో నున్నట్లు నిర్వహించవలెను. బొమ్మకును కట్టడమునకును భేదము కనిపించినయెడల, బొమ్మయే ప్రమాణము."

కచ్చేరి బొమ్మను గ్రంథాలయం నుంచి తెప్పించి, ఆకాశం ఖాళీగా ఉందని అక్కడ గుండ్రటి ముద్ర వేశారు. త్రినాథ్ బొమ్మ చంకన పెట్టుకుని, టేపు పట్టుకుని తనిఖీకి వెళ్ళాడు. త్రినాథ్ మంచి సర్వేయరు. అనవసరంగా ఆలోచించడు. సాయంత్రానికి మూడు జాబితాలు తెచ్చాడు. ఒకటి, బొమ్మలోనూ కట్టడంలోనూ ఉన్నవి. రెండు, బొమ్మలో ఉండి కట్టడంలో లేనివి. మూడు, కట్టడంలో ఉండి బొమ్మలో లేనివి.

రెండో జాబితాలో ఒక మేక ఉంది. తనిఖీ సమయానికి అది అక్కడ లేదు. వామనమూర్తి గారు పశువైద్య విభాగానికి రాసి, ఒక మేకను డెప్యుటేషన్ మీద తెప్పించారు. పని వేళలు పది నుంచి అయిదు. మొహం తూర్పుకు ఉండాలి. రెండో శనివారం సెలవు. చూరు మీది రావి మొక్క మొదటి జాబితాలోనే ఉంది గనక దాన్ని కాపాడాలి. నిచ్చెన వేసి రోజూ నీళ్ళు పోయడానికి తోటమాలిని వేశారు. మొక్క ఏపుగా పెరిగి గోడలో పగులు మూడు వేళ్ళ వెడల్పు అయింది. బొమ్మలో వేలెడే ఉంది. అందుకని తాపీమేస్త్రీని పిలిచి, రెండు వేళ్ళు పూడ్చి ఒక వేలు ఖాళీ వదలమన్నారు. మేస్త్రీ ముసలాయన. మొత్తం పూడ్చేస్తే ఏం పోయిందని అడిగాడు. రికార్డు పోతుందని చెప్పాం.

చిక్కంతా మూడో జాబితాతో వచ్చింది. కచ్చేరికి పదకొండు కమానులు. టీచరు గారి కాగితంలో తొమ్మిదే పట్టాయి. మిగతా రెండూ ఆమోదం లేకుండా వెలిసినట్టు లెక్క. మూడు వందల ఏళ్ళ నాటి ఆ రెండు కమానులకు అక్రమ నిర్మాణం కింద నోటీసు అంటించి వచ్చాడు త్రినాథ్. ఆ నోటీసును మేక తినేసింది. డ్యూటీలో ఉన్న మేక కాబట్టి చర్య తీసుకోలేకపోయాం.

జాబితాలో చివరి పేరు షేక్ మీరావలి. ఏడో కమాను కింద గొడుగులూ తాళాలూ బాగుచేసే మనిషి. ముప్ఫై రెండేళ్ళుగా అక్కడే ఉన్నాడు. వానకు నీలం పట్టా ఒకటి కట్టుకుంటాడు. బొమ్మలో ఏడో కమాను ఖాళీగా, నల్లటి నీడతో, చూడముచ్చటగా ఉంది. పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలని అతనికీ నోటీసు ఇచ్చారు. అతనికి మేక సాయం చేయలేదు.

మీరావలి ఆ కాగితం పట్టుకుని మా ఆఫీసుకు రాలేదు. తిన్నగా దమయంతి టీచరు గారింటికి వెళ్ళాడు. ఆ వేళ ఆఫీసు పని మీద నేను అక్కడే ఉన్నాను. మిగతా కట్టడాలకు కూడా బొమ్మలు గీసిపెట్టమని అడగడానికి నన్ను పంపారు. అతను చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. గొంతు ఎత్తలేదు.

"టీచరుగారండీ, మీరు మూడు ఆదివారాలు కూర్చుని గీశారు. ఎండగా ఉందని మీకు గొడుగు పట్టింది నేనే కదండీ. మరి నేను మీకు కనబళ్ళేదాండీ?"

టీచరు గారు కుర్చీలోంచి లేచారు. నిజమే చెప్పారు. "కనబడ్డావు మీరావలీ. ఆ నీలం పట్టా బొమ్మకు నప్పలేదు. కమాను అందంగా వస్తుందని వదిలేశాను."

అతను ఆ మాట విని తల ఊపాడు. కోపగించుకోలేదు. పట్టా రంగు మారిస్తే నప్పుతుందాండీ అని అడిగాడు. ఎర్రదీ ఉందట. టీచరు గారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉండిపోయాను. ఆ నోటీసు నేనే టైపు చేశాను మరి.

మర్నాడు పదిన్నరకే ఆవిడ మా గదికి వచ్చారు. చేతిలో పెన్సిలు. ఆ బొమ్మ ఇస్తే అయిదు నిమిషాల్లో అతన్ని గీసేస్తానన్నారు. వామనమూర్తి గారు మర్యాదగా కూర్చోబెట్టి, ఆమోదం పొందిన క్షణం నుంచి బొమ్మ కూడా వారసత్వ సంపదేనని, దాని మీద ఎవరు గీత గీసినా అది వారసత్వాన్ని ధ్వంసం చేయడం కిందికి వస్తుందని వివరించారు. గీసిందే నేను కదా అన్నారు ఆవిడ.

"మీరు అందుకు కారకులు మాత్రమే అమ్మా. ఇప్పుడది సంస్థది."

పోనీ మరో బొమ్మ గీసి ఇస్తానన్నారు. ఒక కట్టడానికి ఒకే బొమ్మ అని అయిదో నిబంధన చూపించారు. కట్టడాన్ని చూసి బొమ్మ గీశాను గానీ, బొమ్మను చూసి ఎవరూ కట్టడం కట్టలేదు కదా అని ఆవిడ గట్టిగానే అడిగారు. ఆ అంశం న్యాయ విభాగం పరిశీలనలో ఉందని ఆయన చెప్పారు. నిజంగానే పంపారు. ఆ ఫైలు ఇప్పటికీ అక్కడ ఉంది.

ఈలోగా సంగతి ఊరంతా పాకింది. బొమ్మలో లేకపోతే నోటీసు వస్తుందని తెలిసేసరికి, టీచరు గారింటి ముందు పొద్దున్నే వరస మొదలైంది. గడియార స్తంభం కింద అరటిపళ్ళు అమ్మేవాళ్ళు, పాత కోట గుమ్మం దగ్గర సైకిళ్ళకు గాలి కొట్టేవాళ్ళు, దర్గా వీధి పూలవాళ్ళు, అందరూ వచ్చి తమని బొమ్మలో వేయమని బతిమాలారు. మీరావలి ముఖం గుర్తుండి, ఆవిడ ఎవరినీ కాదనలేకపోయారు. గడియార స్తంభం బొమ్మలో ఇరవై ఆరుగురిని గీశారు. అందులో ఆరుగురు ఆ పేటవాళ్ళే కాదు. ఎందుకైనా మంచిదని వచ్చి నిలబడినవాళ్ళు.

బొమ్మ ఆమోదం పొందింది. త్రినాథ్ తనిఖీకి వెళ్ళాడు. బొమ్మలో ఇరవై ఆరుగురుంటే స్తంభం కింద పందొమ్మిది మందే ఉన్నారు. మిగతా ఏడుగురి ఇళ్ళకూ మెమోలు వెళ్ళాయి. అప్పటినుంచి ఆ ఇరవై ఆరుగురూ పది గంటలకల్లా వచ్చి, బొమ్మలో ఎలా ఉన్నారో అలా నిలబడవలసి వచ్చింది. నెత్తిన గంపతో ఉన్న సింహాద్రమ్మకు గంప దించే వీల్లేకపోయింది. కూతురి పెళ్ళికి ఆవిడ సెలవు చీటీ రాసింది. సెలవు కాలంలో గంపతో సహా నిలబడటానికి బదులు మనిషిని చూపితే మంజూరు చేస్తామని మేము జవాబిచ్చాం. ఆవిడ తోడికోడలు వచ్చి నిలబడింది. కొంచెం పొట్టిగా ఉండటంతో కాళ్ళ కింద రెండు ఇటుకలు వేయించాం.

వరసలు ఎక్కువై టీచరు గారికి జ్వరం వచ్చింది. బొమ్మలు ఆగాయి. మీరావలి గడువు మాత్రం ఆగలేదు. ఇంకా ఆరు రోజులుంది. అతను అప్పటికే తాళంచెవుల గుత్తులు మూటలు కట్టుకోవడం మొదలుపెట్టాడని తెలిసింది. ఎవరివో తెలియని గొడుగులు, బాగుచేయించుకుని తీసుకెళ్ళనివి, నలభై దాకా ఉన్నాయట. వాటిని ఎక్కడికి తీసుకెళ్ళాలో తోచక, గుమ్మానికి ఒకటి చొప్పున దుకాణాల ముందు పెట్టి వస్తున్నాడట.

అదే వారం నాకు ఒక పని అప్పగించారు. డెబ్భై అయిదేళ్ళు నిండిన భవనాలేవైనా జాబితాలో చేరకుండా మిగిలిపోయాయేమో చూడమన్నారు. పాత రికార్డులన్నీ తిరగేశాను. ఒకటి మిగిలింది. మా ఆఫీసు. శంకుస్థాపన రాయి మీది తేదీ ప్రకారం కిందటి నెలలోనే డెబ్భై అయిదు నిండింది. నిబంధన ప్రకారం దాన్ని నలభై నాలుగో కట్టడంగా చేర్చి వామనమూర్తి గారి ముందు పెట్టాను. ఇందులో నా ఉద్దేశం ఏమిటని తర్వాత నాకు మెమో ఇచ్చారు. నిబంధనే నా ఉద్దేశమని జవాబు రాశాను.

అప్పుడు మాత్రం వామనమూర్తి గారు పొంగిపోయారు. కమిషనర్ గారు ఇంకా ఎక్కువ పొంగిపోయారు. తాము కూర్చున్న కుర్చీలే వారసత్వం అయిపోవడం ఎంతమందికి దక్కుతుంది. వెంటనే టీచరు గారికి పిలుపు వెళ్ళింది. నేనే వెళ్ళాను. జ్వరం తగ్గి గంజి తాగుతున్నారు. ఆఫీసు బొమ్మ అనగానే చెంచా పక్కన పెట్టి, లోపలి బొమ్మా బయటి బొమ్మా అని అడిగారు. ఏదైనా ఫరవాలేదన్నాను. లోపల గీస్తానన్నారు. ఎప్పుడొస్తానో ముందుగా చెప్పనని, ఎవరినీ సర్దుకుని కూర్చోమని అడగనని, ఉన్నది ఉన్నట్టు గీస్తానని ఒక కాగితం మీద రాసిచ్చారు. వామనమూర్తి గారు దాని మీద "నిరభ్యంతరముగా" అని రాసి సంతకం పెట్టారు.

సోమవారం పదకొండుంపావుకు వచ్చారు. గుమ్మం దగ్గర అటెండరు స్టూలు ఖాళీగా ఉంటే అది తెచ్చుకుని పెద్ద హాల్లో మధ్యన వేసుకుని కూర్చున్నారు. ఒకటిన్నర దాకా గీశారు. తర్వాత గది గదికీ తిరిగారు. ఎవరూ ఆవిడను పలకరించలేదు. పలకరించడానికి ఎవరైనా ఉండాలి కదా.

గురువారం ఉదయం కౌన్సిల్ హాల్లో ఆవిష్కరణ. మీరావలి గడువు శుక్రవారం. ఆఫీసులో ఉన్న యాభై ఎనిమిది మందీ వచ్చారు. ఇంతమంది ఒకేచోట కనిపించడం నేను చూడలేదు. కమిషనర్ గారు పట్టుగుడ్డ లాగారు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ముందు వరసలో ఆగి, తర్వాత వెనక్కి ఆగుతూ వెళ్ళాయి.

బొమ్మ అద్భుతంగా ఉంది. అది నేను నిజంగానే అంటున్నాను. మా ఆఫీసు పెద్ద హాలు అంత అందమైనదని నాకు అంతవరకూ తెలియదు. ఎత్తయిన దూలాలు, రంగు అద్దాల కిటికీల్లోంచి పడే వెలుగు, కారే చోట పెట్టిన బకెట్టు, దానిలో పడుతున్న చుక్క. తిరుగుతున్న ఫ్యాన్లు. వాటి కింద, అంచున వరసగా వేసిన గదుల్లోనివీ కలిపి, యాభై ఎనిమిది కుర్చీలు. కుర్చీల వీపులకు కోట్లు, స్వెట్టర్లు. బల్లల మీద తెరిచిన ఫైళ్ళు, ఫైళ్ళ మీద మడిచిన కళ్ళజోళ్ళు, మూత తీసిన పెన్నులు. ఇప్పుడే లేచి వెళ్ళినట్టు అన్నీ అమర్చి ఉన్నాయి. మనుషులు మాత్రం అయిదుగురు. ఆ అయిదుగురిలో నేనొకదాన్ని. కళ్ళు మూసుకుని, చెంపకు చెయ్యి ఆనించుకుని, లోతుగా ఆలోచిస్తున్నాను. మా గదిలో వామనమూర్తి గారి తువ్వాలు కప్పిన కుర్చీ ఉంది. కమిషనర్ గారి గదిలో ఏసీ ఉంది.

ఎవరూ ఏమీ అనకముందే త్రినాథ్ కాగితం తీశాడు. అలవాటు. మొదటి రెండు జాబితాలు త్వరగా అయిపోయాయి. మూడోది, కట్టడంలో ఉండి బొమ్మలో లేనివి, పైకి చదువుతూ రాశాడు. కమిషనర్ ఒకరు. ప్రత్యేకాధికారి ఒకరు. సూపరింటెండెంట్లు ఆరుగురు. అలా యాభై రెండు దాకా వెళ్ళి, యాభై మూడోదైన తన పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, అదీ రాశాడు. ఆ సోమవారం అతను నిజంగానే తనిఖీ మీద ఉన్నాడు పాపం. కానీ నిబంధనల్లో దానికి మినహాయింపు లేదు.

"పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలండి," అన్నాడు.

వామనమూర్తి గారు ఇది చిన్న పొరపాటని, టీచరు గారు దయచేసి ఒక గంట కూర్చుని అందరినీ నింపేస్తే సరిపోతుందని అన్నారు. ముద్ర పడిపోయిందండీ అని నేను గుర్తు చేశాను. పొద్దున ఆవిష్కరణకు ముందే, పట్టుగుడ్డ అంచు మాత్రం ఎత్తి, బొమ్మలో బకెట్టు మీద ఆయనే వేయించారు. ఇప్పుడు గీత గీస్తే ధ్వంసం. మరో బొమ్మ గీస్తే అయిదో నిబంధన. కమిషనర్ గారు టీచరు గారి వైపు తిరిగి, ఇలా చేశారేమండీ అని అడిగారు. కోపంగా కాదు, దిగులుగా.

"క్రితంసారి అందంగా ఉండాలని ఒక మనిషిని వదిలేశానండి. దానివల్ల ఆయన బతుకు పోతోంది. ఈసారి ఏదీ వదల్లేదు. ఉన్నవాళ్ళందర్నీ గీశాను," అన్నారు ఆవిడ.

మధ్యాహ్నం రెండున్నరకు నన్ను పిలిచి ఉత్తర్వు చెప్పారు. మా సంస్థ చరిత్రలో ఒక కాగితం పుట్టిన రోజే సంతకమై బయటికి వెళ్ళడం అదే మొదలట. "బొమ్మలకును కట్టడములకును, కట్టడములలోని మనుష్యులకును ఎట్టి సంబంధమును లేదు. ఇంతకుముందును లేదు. సంబంధమున్నదని భావించి జారీచేసిన నోటీసులన్నియు రద్దు." దాని కింద వామనమూర్తి గారు ఇంకో వాక్యం చేర్చారు. కట్టడములన్నియు యథాస్థితిలో కొనసాగును.

నన్ను జనన మరణ ధ్రువీకరణ విభాగానికి బదిలీ చేశారు. అక్కడ పని హాయిగా ఉంది. వచ్చినవాళ్ళు ఉన్నారో లేదో కాగితం చూసి చెబితే చాలు.

ఆ గురువారం సాయంత్రం టీచరు గారితో కలిసి నేనూ కచ్చేరికి వెళ్ళాను. రద్దు కాగితం నేనే మీరావలి చేతికి ఇచ్చాను. అతను దాన్ని రెండుసార్లు చదివించుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. మూటలు ఒక్కొక్కటే విప్పి తాళాలు మళ్ళీ మేకులకు తగిలించాడు. మాకు పక్క కొట్టు నుంచి టీ చెప్పాడు. టీచరు గారు టీ తాగి, గ్లాసు కింద పెట్టి, సంచీలోంచి కొత్త కాగితం తీశారు. ఈసారి పట్టాతో సహా గీస్తాను, కాసేపు కదలకుండా కూర్చో అన్నారు.

మీరావలి ఆవిడ చేతిలోని పెన్సిలు వైపు చూశాడు. తర్వాత కాలవ అవతల కనిపించే మా ఆఫీసు వైపు చూశాడు.

"వద్దండీ టీచరుగారూ," అన్నాడు. "ముప్ఫై రెండేళ్ళు ఎవరికీ కనబడకుండా బతికానండి. అదే బాగుంది."

ఆవిడ కాగితాన్ని సంచీలో పెట్టేశారు. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. ఎవరో వాన పెరగక ముందే గొడుగు కావాలంటూ పరిగెత్తుకుంటూ వచ్చారు. అతను పట్టా కాస్త పైకెత్తి, మమ్మల్ని ఇంకొంచెం లోపలికి జరగమని, పనిలో పడ్డాడు.